విన్నీ గీకిన గోడ

విన్నీ ఆర్మిటేజ్ పద్నాలుగో ఏట నిచ్చెన ఎక్కింది, అరవై ఆరో ఏట దాని మీంచి పడింది. ఈ రెంటికీ మధ్య ఆమె వాల్‌పేపర్ అంటించని ఇల్లు మా హాల్డెన్‌బ్రిడ్జ్‌లో వెతికితే గాని దొరకదు. అది వాళ్ల నాన్న ఆర్నాల్డ్ నేర్పిన పని. ఆయనకు కొడుకులు లేరు. శనివారాలు తన వెంటపడి వచ్చే కూతురి చేతికి జిగురు కుంచె ఇచ్చాడు. ఆడపిల్లని నిచ్చెన ఎక్కిస్తావా అని తోటి పనివాళ్లు వేళాకోళం చేస్తే, "మీ గోడల్లో ముడతలు లేకుండా చేసుకోండి, తర్వాత మా పిల్ల సంగతి చూద్దురు గాని" అనేవాడట.

విన్నీ మొగుడు క్లిఫర్డ్ బస్సు నడిపేవాడు. అతను పోయాక కూడా ఆమె పని మానలేదు. పడ్డాక మాత్రం మానాల్సి వచ్చింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశాక ఇక నిచ్చెన మాట తలపెట్టొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆ శీతాకాలం నేను రెండుమూడుసార్లు చూడ్డానికి వెళ్లాను. టీవీ ముందు కూర్చుని ఉండేది, టీవీ చూసేది కాదు. మాట్లాడమంటే వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి ఊరుకునేది. మా ముందుగదికి కాగితం అంటించిన నాలుగు రోజులూ నోరు మూయకుండా నవ్వించిన మనిషి ఈమేనా అనిపించేది.

నేను అప్పటికి మా ఊరి మ్యూజియంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. టిక్కెట్లు ఇవ్వడం, టీ కాయడం, గాజుపెట్టెలు తుడవడం, అన్నీ నేనే. ఆ ఏడాదే లండన్ వైపు నుంచి ఐవర్ పెల్‌హామ్ అనే కుర్ర చరిత్రకారుడు మాకు అధికారిగా వచ్చాడు. రాగానే అతని కన్ను మా మ్యూజియంలో అందరూ మొదట అడిగే వస్తువు మీద పడింది. అది ఒక ఇనుప కడ్డీ. చలిమంట ఎగదోయడానికి వాడేది. కింద చీటీ మీద ఇలా ఉండేది: "1884లో టాబిథా స్పెన్స్‌లీ తన యజమానురాలిని ఈ కడ్డీతో కొట్టి చంపింది."

ఆ కథ మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. 1884 నవంబరులో ఒక సోమవారం, సాయంత్రం నాలుగు గంటలకి, టెంటర్ వీధి తొమ్మిదో నంబరు ఇంటి మేడగదిలో ఆగథా క్రౌదర్ అనే వితంతువు తల పగిలి, గోడలో చలిమంట వేసే నిప్పుగూడు ముందు పడి చనిపోయింది. కడ్డీ పక్కనే ఉంది. ఇంట్లో ఉన్నది పందొమ్మిదేళ్ల పనిపిల్ల టాబిథా ఒక్కతే. కింద వెనకగదిలో బట్టలు పిండే మర తిప్పుతున్నాననీ, పైన దబ్బుమని చప్పుడైతే పరిగెత్తి వెళ్లాననీ ఆ పిల్ల చెప్పుకుంది. కానీ వీధి అవతల మేడ మీద అద్దెకున్న ఈనాక్ డైసన్ అనేవాడు తన కిటికీలోంచి అంతా చూశానన్నాడు. టాబిథా నిప్పుగూడు దగ్గర నిలబడి కడ్డీ ఎత్తి ముసలావిడని కొట్టిందని ప్రమాణం చేసి చెప్పాడు. లీడ్స్‌లో విచారణ ఒక్క రోజులో ముగిసింది. జ్యూరీలో ఎవరూ ఆ ఇల్లు చూసిన పాపాన పోలేదు. ఉరిశిక్ష పడింది. చిన్నపిల్లని జాలిపడి దాన్ని జైలుశిక్షగా మార్చారు. పద్నాలుగేళ్లు లోపల ఉండి బయటికొచ్చింది టాబిథా.

పెల్‌హామ్ ఆలోచన ఏమిటంటే ఆ మేడగదిని ఉన్నదున్నట్టు మ్యూజియం పైఅంతస్తులో మళ్లీ కట్టించాలని. మంచం, బీరువా, నిప్పుగూడు, గోడల మీద ఆనాటి కాగితం, అన్నీ. అప్పటి పత్రికలో వచ్చిన గది బొమ్మ ఒకటి సంపాదించి, దాన్ని బట్టి కొలతలు వేయించాడు. కాగితం పాతకాలపు పద్ధతిలో అంటించే మనిషి కావాలన్నాడు. నేను విన్నీ పేరు చెప్పాను.

ఆమె చేతికర్ర పట్టుకుని, విసుగ్గా, నా మొహమాటానికి వచ్చింది. బల్ల మీద పరిచిన బొమ్మ వైపు ఒక నిమిషం చూసింది.

"ఇదెవరు గీశారు?" అంది.

"లండన్ పత్రికవాళ్ల చిత్రకారుడు," అన్నాడు పెల్‌హామ్.

"ఆ గదిలోకి వెళ్లాడా?"

"వెళ్లే ఉంటాడు కదా, మిసెస్ ఆర్మిటేజ్."

"వెళ్లలేదు. బీరువా ఎక్కడ పెట్టాడో చూడండి, తలుపు పక్క గోడకి. టెంటర్ వీధి ఇళ్లలో ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఇక్కడ బీరువా పెడితే తలుపు సగమే వస్తుంది. మీలాంటి సన్నటివాళ్లయితే పొట్ట బిగబట్టి దూరొచ్చు. ఆగథా క్రౌదర్ మంచి లావు మనిషని మా నాయనమ్మ చెప్పేది."

పెల్‌హామ్ మొహం ఎర్రబడింది. "మనకున్న ఆధారం ఇదొక్కటేనండీ," అన్నాడు.

"ఇల్లు ఉంది కదా. ఇంకా పడగొట్టలేదు కదా." కర్ర నేలకు తాటించింది విన్నీ. "ఆ గోడల మీద ఒకదాని మీద ఒకటి పది కాగితాలైనా ఉంటాయి. కింద ఉన్నదాన్ని పీకి ఎవరూ అంటించరు. మా నాన్నా పీకలేదు, నేనూ పీకలేదు. వెళ్లి చూస్తే సరిపోయేది. ఏం చదువుకున్నారు మీరు?"

"చరిత్రలో డాక్టరేట్."

"అయితే నా తుంటికి పనికిరారన్నమాట," అంది. చాలా నెలల తర్వాత ఆమె నోట వేళాకోళం వినడం అదే మొదలు.

ఇల్లు అప్పుడు ఖాళీగా ఉంది. యజమాని మరమ్మతులు మొదలుపెట్టడానికి ఇంకా రెండు నెలలుంది. ఎలాగూ గీకించాల్సిన గోడలే కాబట్టి మీరే గీక్కోండని తాళంచెవి ఇచ్చాడు.

అక్టోబరు రెండో వారంలో మొదలుపెట్టాం. విన్నీ గది మధ్యలో ముక్కాలిపీట మీద కూర్చునేది. నిచ్చెన మీద పెల్‌హామ్, కింద నేను. గోరువెచ్చని నీళ్లతో స్పాంజి తడిపి, నానబెట్టి, వెడల్పాటి కత్తితో ఒక్కొక్క పొరా లేపాలి. తొందరపడితే కింది పొర చిరుగుతుంది.

"గీకొద్దు డాక్టరుగారూ, గోకండి. ఆవుదూడ మెడ గోకినట్టు," అనేది విన్నీ.

"నేను దూడని ఎప్పుడూ గోకలేదండీ."

"తెలుస్తూనే ఉంది."

పై పొర చిన్న చిన్న గులాబీలు. దాని కింద నారింజరంగు వలయాలు. అది తనే అంటించానంది విన్నీ, 1973లో, ఎవరో కొత్త పెళ్లికూతురి కోసం. "అప్పుడే చెప్పాను, దీన్ని చూస్తూ నిద్రపోలేవమ్మాయ్ అని. వినలేదు." ఇంకా కింద బూడిదరంగు ఆకులు, యుద్ధకాలపు పలచటి కాగితం, నీలం చారలు. ఒక్కో పొర నుంచీ చిన్న ముక్క కోసి, ఎక్కడ తీసిందీ రాసి పెల్‌హామ్ కవర్లలో పెట్టేవాడు. తొమ్మిదో పొర దగ్గర ఆకుపచ్చ కనబడింది. దాని మీద గోధుమరంగు దానిమ్మపళ్లు. గోడమీద కాగితం ఆకుపచ్చదని, దానిమ్మపళ్ల బొమ్మలున్నాయని విచారణలో పోలీసు చెప్పిన వాంగ్మూలం మా దగ్గర ఉంది. పెల్‌హామ్ నిచ్చెన దిగి, కత్తి కింద పెట్టి, చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ విన్నీ నాతో ఒక సంగతి చెప్పింది. పెల్‌హామ్ బయట ఫోన్లో ఉన్నాడు.

"మారీన్ స్టాట్ తెలుసా నీకు?"

తెలుసు. చేపలబజారు వెనక ఉంటుంది. బళ్లో వంటమనిషిగా చేసి రిటైరయింది.

"టాబిథా దానికి అమ్మమ్మ వాళ్ల అమ్మ. జైలు నుంచొచ్చాక చెప్పులు కుట్టే అతన్ని చేసుకుంది కదా, వాళ్ల సంతానం. బళ్లో నా పక్క బెంచీ. మేం తాడాట ఆడేటప్పుడు పాట ఒకటి ఉండేది." విన్నీ గొంతు తగ్గించి చెప్పింది, పాడలేదు.

"టాబీ టాబీ మేడెక్కింది,
కడ్డీ పట్టి కాచుకుంది,
అమ్మగారి తల పగిలింది,
ఎన్ని దెబ్బలు? ఒకటి, రెండు..."

"నేనూ విన్నాను," అన్నాను.

"మారీన్ గెంతడానికి వచ్చినప్పుడల్లా ఈ పాటే ఎత్తుకునేవాళ్లం. అది తాడులోకి రావడం మానేసింది. తర్వాత బయటికి రావడమే మానేసింది. తాడు తిప్పింది నేను. పదేళ్లదాన్ని, నిజమే. కానీ అది ఏడుస్తోందని నాకు తెలుసు. తెలిసే తిప్పాను." కప్పు పక్కన పెట్టింది. "యాభై ఏడేళ్లయింది. సంతలో ఎదురైతే నేనే పక్కకు తప్పుకుంటాను."

నేను ఆ కప్పు అందుకున్నాను. ఇంకాస్త టీ పోశాను.

మూడో వారంలో వీధివైపు గోడ పట్టాం. ఆ గది ఎలా ఉంటుందో చెబితే తర్వాత జరిగింది తెలుస్తుంది. వీధివైపు గోడలో, మధ్యన, ఒకటే కిటికీ. కిటికీకి ఎదురుగా నిలబడితే కుడిచేతివైపు గోడలో నిప్పుగూడు. ఈనాక్ డైసన్ కిటికీ వీధికి అవతల, మనకి కొంచెం ఎడమగా. అంటే అతను ఏటవాలుగా ఈ కుడిగోడ వైపే చూస్తాడు.

కిటికీకి కుడిపక్క, మూల దాకా ఉన్న చోట నీలం చారల కాగితం లేపుతున్నాను. కింద ఆకుపచ్చ రాలేదు. మురికి గోధుమరంగు కాగితం వచ్చింది. ఇంకా పాతది. నేనే చించేశానేమోనని భయం వేసింది.

"విన్నీ, ఆకుపచ్చ ఊడిపోయినట్టుంది."

ఆమె కర్ర ఆనించుకుని లేచి వచ్చింది. గోడకి మొహం ఆనించేంత దగ్గరగా చూసింది. వేలితో అంచు వెంట పైకి, పక్కకి, కిందికి రాసింది.

"ఊడలేదు. ఇక్కడ అంటించలేదు." ఆమె గొంతు మారింది. "అంచు చూడు, కత్తితో కోసినట్టు ఎంత తిన్నగా ఉందో. నిలువు ఏడడుగులు ఉంటుంది. దాని పైన మళ్లీ ఆకుపచ్చ ఉంది. డాక్టరుగారూ, ఇలా రండి. మీ బీరువా దొరికింది."

పెల్‌హామ్‌కి అర్థం కాలేదు.

"ఇంత బీరువా గదిలో ఉందనుకోండి. నిండా బట్టలు. నలుగురు మనుషులైతే గాని కదలదు. కాగితం అంటించేవాడు ఒక్కడే వచ్చాడు. ఏం చేస్తాడు? చుట్టూ అంటించి చేతులు కడుక్కుంటాడు. వెనకాల ఎవరు చూడొచ్చారు? మా నాన్న చేశాడు, నేను చేశాను. ఈ కన్నం బీరువా ఆకారం."

విన్నీ ఆకుపచ్చ కాగితం అంచు జానెడు మేర చూపించింది. తడిపి దాన్ని నెమ్మదిగా లేపమంది. లేపితే కింద పెన్సిలు రాత. అక్షరాలు వంకరగా, కోపంగా ఉన్నాయి. పెల్‌హామ్ పైకి చదివాడు.

"జె. హోల్‌రాయిడ్, ఏప్రిల్ 1879. ఆవిడ బీరువా కదపనివ్వలేదు. చుట్టూ అంటించాను."

విన్నీ నవ్వింది. నవ్వుతూనే పీట మీద కూలబడింది. "ప్రతి పనివాడూ ఎక్కడో ఒకచోట పేరు రాస్తాడు. ఎవరైనా చూస్తారని కాదు. ఊరికే, రాయాలనిపించి."

అంతకుముందు ఆకుపచ్చ కాగితం మీదే, నీలం చారలు అంటించినవాడి రాత కూడా మాకు దొరికింది: "ఫిబ్రవరి 1885, వాన." ముసలావిడ చనిపోయిన మూడు నెలలకి అద్దెకొచ్చినవాళ్లు కొత్త కాగితం వేయించుకున్నారన్నమాట.

పెల్‌హామ్ నిదానస్తుడు. "ఆరేళ్ల మధ్యలో ఎప్పుడైనా బీరువా జరిపి ఉండొచ్చు కదా?" అన్నాడు.

"జరిపితే గోడకి ఇంత మురికి కన్నం కనబడుతుంది. ఆవిడ గది గురించి పత్రికలో ఏం రాశారో మీరే చదివి వినిపించారు కదా, అద్దంలా పెట్టుకునేదని. అలాంటావిడ ఆ కన్నం చూస్తూ పడుకుంటుందా? అయినా నేల చూడండి."

పాత చాప తీశాం. చెక్కల్లో బీరువా కాళ్లు దిగబడిన గుంటలు నాలుగు. గోడమీది ఆకారానికి సరిగ్గా కింద. గది మొత్తం వెతికాం, అలాంటివి ఇంకెక్కడా లేవు. గుంటల మధ్య దూరం కొలిస్తే బీరువా లోతు రెండడుగుల పైనే. ఇంకొకటి విన్నీయే పట్టింది. కిటికీ చౌకట్టుకి ఆ పక్కన జానెడు వెడల్పున రంగు ఒక పూత తక్కువ. గోడ చాలక బీరువా చౌకట్టు దాటి కిటికీ మీదికి కూడా వచ్చింది. రంగు వేసినవాడూ దాన్ని కదపలేదు.

పెల్‌హామ్ నిప్పుగూడు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్నుంచి కిటికీ వైపు చూశాడు. తర్వాత నన్ను ఒక దుప్పటి తీసుకుని, బీరువా ఉన్న చోట, అంత ముందుకి పట్టుకుని నిలబడమన్నాడు. మళ్లీ చూశాడు.

"ఎదురింటి కిటికీ కనబడుతోందా?" అని అడిగింది విన్నీ.

"లేదు."

"వాడికి మీరు కనబడతారా?"

"ఇలా కాదు, సరిగ్గా పరీక్ష చేయాలి," అన్నాడు. "అదే నెల, అదే వేళ. అవతలి ఇంట్లోంచి."

"చేద్దాం," అంది విన్నీ. "కానీ ఇక్కడ నిలబడాల్సింది మీరు కాదు."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మారీన్ ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన మారీన్ మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. పొట్టిగా, దృఢంగా ఉంటుంది. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"దారి తప్పావా విన్నీ? సంతలో నన్ను చూస్తే వీధి మారతావు కదా."

"మారతాను. సిగ్గేసి."

"దేనికి?"

"నీకు తెలుసు దేనికో. తాడు తిప్పింది నేనే కదే."

"మా అమ్మమ్మ నన్ను బడి మార్పిస్తానంది ఆ ఏడాది," అంది మారీన్. "నేనే వద్దన్నాను. పారిపోయానంటారని. ఇప్పుడొచ్చి ఏమంటావు?"

"తప్పు చేశాననే అంటాను. అది ఎప్పుడో అనాల్సింది. రెండోది, నీకొకటి చూపించాలి. ఏం తేలుతుందో నాకు తెలీదు. తేలనూ పోవచ్చు. ఉత్త ఆశ పెట్టి నిన్ను మళ్లీ ఏడిపించను. కానీ నువ్వు లేకుండా చూడటం నాకిష్టం లేదు."

గోడ సంగతి, బీరువా సంగతి చెప్పింది. మారీన్ మొదట నిలబడే వింది. తర్వాత పక్కకి జరిగి, "లోపలికి రండి, చలిగాలి ఇంట్లోకొస్తోంది," అంది.

లోపల ఆవిడ చెప్పిన మాట ఒకటి నేను మర్చిపోలేను. "మా అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్లమ్మని అడిగిందట, నిజంగా చేశావా అని. ఆవిడ అందట: చెయ్యలేదని పద్నాలుగేళ్లు రోజూ చెప్పానమ్మా, అలిసిపోయాను, నువ్వు మాత్రం ఇంకెప్పుడూ అడక్కు, అని. మా ఇంట్లో తర్వాత ఎవరూ అడగలేదు."

నవంబరు మూడో సోమవారం పెట్టుకున్నాం. వీధి అవతల, ఒకప్పుడు డైసన్ ఉన్న ఇంట్లో ఇప్పుడు షమీమ్ కుటుంబం ఉంటుంది. ఆ మేడగదిలో ఆమె కుట్టుమిషను. పెల్‌హామ్ వెళ్లి ఓ గంట మీ కిటికీ కావాలని అడిగితే, "గంటేమిటి, భోజనం చేసి వెళ్లండి," అంది. మేం వెళ్లేసరికి మిషను పక్కకి జరిపి, కుర్చీలు వేసి, పళ్లెం నిండా సమోసాలు పెట్టింది.

"నూటముప్పై ఏళ్ల నాటి గొడవా ఆంటీ ఇది? మేం ఇల్లు కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదే," అని విన్నీని అడిగింది.

"చెబితే కొనేదానివి కాదు," అంది విన్నీ, సమోసా తుంచుతూ. తినలేక మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

తొమ్మిదో నంబరు మేడగదిలో మ్యూజియం వడ్రంగి ప్లైవుడ్‌తో బీరువా అంత పెట్టె చేసి ఉంచాడు. మొదట దాన్ని పక్కన పెట్టి చూడాలని పెల్‌హామ్ పట్టు. నాలుగు గంటలకి వీధిలో వెలుగు తగ్గింది. నిప్పుగూడు దగ్గర, నేల మీద ఒక దీపం పెట్టారు. మారీన్ అక్కడ నిలబడి, చీపురుకర్ర పట్టుకుని, చెయ్యెత్తింది. విన్నీ, పెల్‌హామ్, షమీమ్, నేను ఇవతలి కిటికీలోంచి చూశాం.

కనబడింది. స్పష్టంగా కనబడింది. ఎత్తిన చెయ్యి, కర్ర, తెల్ల జుట్టు.

బీరువా లేకపోతే డైసన్ మాట నిజం కావచ్చు. విన్నీ కిటికీ చట్టాన్ని పట్టుకుంది. "సరే. ఇప్పుడు పెట్టమనండి," అంది.

పెల్‌హామ్ ఫోన్లో చెప్పాడు. వడ్రంగి, అతని కూతురు కలిసి పెట్టెను జరిపారు. కాళ్ల గుంటల్లో సరిగ్గా కూర్చునేదాకా అటూ ఇటూ సర్దారు. మారీన్ మళ్లీ తన చోట నిలబడింది.

దీపం వెలుగు గోడమీద పడుతోంది. మారీన్ కనబడలేదు.

"చెయ్యెత్తమనండి," అంది విన్నీ.

"ఎత్తే ఉందట."

"కర్ర ఊపమనండి. అడుగు వెనక్కి వెయ్యమనండి. ఇటు, అటు."

పెల్‌హామ్ ఒక్కొక్కటే చెబుతున్నాడు. మాకు కనబడేది పెట్టె పక్కచెక్క, దాని పక్కన ఖాళీ నేల. నేను కుర్చీ ఎక్కి చూశాను. షమీమ్ కిటికీకి ఆ చివర నుంచి చూసింది. మారీన్ గది మధ్యలోకి నాలుగడుగులు నడిచి వచ్చాక గాని ఆమె భుజం కనబడలేదు. అక్కణ్నుంచి కడ్డీ ఎంత చాచినా నిప్పుగూడు ముందున్న మనిషికి అందదు.

పెల్‌హామ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అతను చూడలేదు," అన్నాడు. "చూడటానికి వీల్లేదు."

విన్నీ అప్పటికే మెట్లు దిగుతోంది. కర్ర మర్చిపోయింది. షమీమ్ పట్టుకుని దింపి, వీధి దాటించింది. నేను వాళ్ల వెనక వెళ్లేసరికి ఆ మేడగదిలో విన్నీ, మారీన్ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. మారీన్ చేతిలో చీపురుకర్ర ఇంకా అలాగే ఉంది.

"ఏమైంది? నేనేమీ వినలేదు, ఫోన్ వీడి దగ్గరుంది," అంది మారీన్, వడ్రంగిని చూపిస్తూ.

"నువ్వు కనబడలేదే," అంది విన్నీ. "ఎంత చూసినా కనబడలేదు."

మారీన్ బీరువా పెట్టె మీద అరచెయ్యి ఆనించి, తల వంచుకుంది. తర్వాత, "మా అమ్మమ్మ ఉంటే బాగుండేది," అంది. విన్నీ ఆమె చేతిలోంచి చీపురుకర్ర తీసుకుని గోడకి ఆనించింది. ఇద్దరూ కిటికీ అరుగు మీద కూర్చున్నారు. షమీమ్ తెచ్చిన సమోసాలు మారీన్ రెండు తినేసింది.

డైసన్ ఎందుకు అలా చెప్పాడో మాకు తెలియలేదు. ముసలావిడ ఎలా పోయిందో కూడా తేల్చి చెప్పలేం. కాలుజారి నిప్పుగూటి ఇనుప అంచు మీద పడి ఉండొచ్చని ఆనాడే ఒక వైద్యుడు అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. పెల్‌హామ్ ఇవన్నీ కలిపి, కొలతలతో, ఫోటోలతో నలభై పేజీలు రాసి ప్రభుత్వానికి పంపాడు. తీర్పు తిరగదోడటానికి చాలా అంచెలున్నాయనీ, కాగితాలు పరిశీలనలో ఉన్నాయనీ మర్యాదగా జవాబు వచ్చింది. ఆ అంచెలన్నీ ఎక్కుతామని మారీన్ తిరిగి రాసింది, స్వయంగా.

మ్యూజియం గది మాత్రం తర్వాతి మే నెలలో తెరిచాం. బీరువా కిటికీ పక్కనే ఉంది. ఆకుపచ్చ కాగితాన్ని మాంచెస్టర్‌లో ఒకరు చెక్క అచ్చులతో మళ్లీ వేసిచ్చారు. విన్నీ పీట మీద కూర్చుని చెబుతుంటే ఆరుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు నేర్చుకుంటూ అంటించారు. వాళ్లకి అది మొదటి పాఠం. బీరువా వెనక అంటించవద్దని ఆమె పట్టుబట్టింది. అక్కడ ఎనిమిదిమందీ పెన్సిలుతో తమ పేర్లు రాశారు. పెల్‌హామ్ కూడా రాస్తానన్నాడు. "ముడత లేకుండా ఒక్క పట్టీ అంటించండి, అప్పుడు చూద్దాం," అంది. మూడోసారికి అంటించాడు.

కడ్డీ కింద పాత చీటీ తీసేశాం. కొత్తది రాయమని పెల్‌హామ్ మారీన్‌నే అడిగాడు. నాలుగు రోజులు తీసుకుని రాసిచ్చింది: "ఈ కడ్డీ ఆగథా క్రౌదర్ గదిలో దొరికింది. టాబిథా స్పెన్స్‌లీ దీనితో ఆమెను చంపిందని కోర్టు అంది. చంపలేదని టాబిథా అంది. ఈ గదిలోకి రండి, చూడండి."

శనివారాలు ఇప్పుడు మారీన్ ఆ గదిలో కూర్చుంటుంది. బడిపిల్లలు వస్తే ఒకరిని నిప్పుగూడు దగ్గర నిలబెట్టి, మిగతావాళ్లని గది కిటికీ బయట, డైసన్ చూసిన కోణానికి కట్టిన అరుగు మీదికి ఎక్కించి, "మీ స్నేహితురాలు ఏం చేస్తోందో చెప్పండి," అంటుంది. పిల్లలు మెడలు సాచి సాచి చూస్తారు. విన్నీకి ఆ రోజు తీరిక ఉండదు. ఆమె తరగతిలో ఇప్పుడు పద్నాలుగుమంది ఉన్నారు. పోయిన నెల షమీమ్ ఇంట్లో ముందుగదికి కాగితం వాళ్లే అంటించారు. నేను వెళ్లేసరికి విన్నీ మధ్యలో కూర్చుని గట్టిగా కేకలేస్తోంది. షమీమ్ కూతురు నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి, నిలువు సరిచూసే గుండు కట్టిన దారం వదిలి, పువ్వుకి పువ్వు కలుస్తోందా లేదా అని ఒక కన్ను మూసుకుని చూస్తోంది.